పాత లారీ వణికితే తప్పు టైరుదా, దాని వెనక ఉన్నవాటిదా?

క్లుప్తంగా: పాత లారీ వణుకుతుంటే మొదటి అనుమానం టైర్ల మీదికే పోతుంది. కొత్త టైర్లు వేసినా చాలా బండ్లలో ఆ వణుకు తిరిగి వస్తుంది, కొత్త టైర్లు కూడా పాతవాటిలాగే పాడవుతాయి. వణుకు వేగాన్ని బట్టి మారుతోందా, ఇంజన్‌ను బట్టా, బ్రేకును బట్టా, లోడును బట్టా అన్నది ముందు తేల్చాలి. తర్వాత పాత టైరు అరిగిన తీరు చూడాలి. ఈ రెండూ అయ్యాక స్పానర్ పట్టుకుంటే ఖర్చూ తగ్గుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది.

పది పన్నెండేళ్లు తిరిగిన లారీ. గంటకు యాభై కిలోమీటర్లు దాటగానే స్టీరింగ్ ఊగుతుంది, క్యాబిన్ అదురుతుంది. ఓనరు ముందు చక్రాల టైర్లు రెండూ మార్పిస్తాడు. కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మొదలవుతుంది. అలైన్‌మెంట్ చేయిస్తే తేడా కనపడదు. బ్యాలెన్సింగ్ చేయిస్తే ఖాళీ బండిలో తగ్గినట్టే ఉండి, లోడు ఎక్కగానే తిరిగి వస్తుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి పెద్ద కేంద్రంలోనైనా, హైవే పక్కన ఒంటరి షెడ్డులోనైనా మెకానిక్‌లకు ఇది అలవాటైన ఫిర్యాదే. అయినా కారణాన్ని చాలాసార్లు ఊహతోనే తేల్చేస్తారు. డబ్బు పోయేది అక్కడే.

కొత్త బండి వణికితే సాధారణంగా లోపం ఒకటే ఉంటుంది, అది దొరికితే పని అయిపోతుంది. పాత లారీ అలా కాదు. ముందు చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్ బుష్ కొంచెం అరిగి ఉంటుంది, రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ చివరి జాయింట్ (టై రాడ్ ఎండ్) కొంచెం వదులై ఉంటుంది, చక్రం మధ్యలోని హబ్ బేరింగ్‌లో కొంచెం ఆట (వదులు) ఉంటుంది, బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగు, అంటే కమాన్ కట్ట, ఒకవైపు కుంగి ఉంటుంది. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద లోపం కాదు. టైరులోని చిన్న తేడాను బిగుతుగా ఉన్న యాక్సిల్ మింగేస్తుంది. అన్నిచోట్లా కొంచెం కొంచెం వదులైన యాక్సిల్ అదే తేడాను పెంచి స్టీరింగ్ దాకా పంపిస్తుంది. కొత్త టైరు వేయగానే కుదిపే శక్తి తగ్గుతుంది కాబట్టి వణుకు పోయినట్టు అనిపిస్తుంది. ఆ వదులు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి అదే కొత్త టైరును కూడా ఎగుడుదిగుడుగా అరగదీస్తుంది. జబ్బు తిరగబెట్టడం వెనక ఉన్న సంగతి ఇది.

దెబ్బల లెక్క

లారీల్లో ఎక్కువగా కనిపించే 10.00-20 సైజు టైరు వ్యాసం మీటరుకు కాస్త ఎక్కువ. అది ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 3.2 మీటర్లు కదులుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16.7 మీటర్లు. అంటే ఆ వేగంలో చక్రం సెకనుకు ఐదు చుట్లకు కాస్త పైన తిరుగుతుంది. టైరు, రిమ్ము, హబ్, బ్రేక్ డ్రమ్ము కలిసే తిరుగుతాయి కాబట్టి, వీటిలో దేనికి ఒకచోట లోపమున్నా డ్రైవరు చేతికి సెకనుకు ఐదు ఊపులు తగులుతాయి. కాస్త శ్రద్ధ పెడితే దాదాపు లెక్కపెట్టగలిగే వణుకు ఇది.

గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్ లెక్క వేరు. వెనక యాక్సిల్ హౌసింగ్‌లోని క్రౌన్, పినియన్ పళ్ల చక్రాల నిష్పత్తి ఆరుకు దగ్గరగా ఉన్న లారీలో షాఫ్ట్ చక్రం కంటే ఆరు రెట్లు వేగంగా తిరుగుతుంది. 60 వేగంలో అది సెకనుకు 30 చుట్లు దాటుతుంది. అంత వేగం ఊపులా తెలియదు. కాళ్ల కింద, సీటులో, గేర్ రాడ్డులో జుమ్మనే అదురుగా తెలుస్తుంది. ఆరు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 1,800 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 90 సార్లు సిలిండర్లు మండుతాయి. మౌంటింగ్ రబ్బర్లు చచ్చిపోయిన బండిలో అద్దాలు, డ్యాష్‌బోర్డు గలగలలాడడం చాలావరకు ఇంజన్ నుంచి వచ్చే అదురే.

ఈ తేడా తెలిస్తే మొదటి పరీక్షకు పనిముట్టే అక్కర్లేదు. రద్దీ లేని సమతల రోడ్డు మీద వణుకు వచ్చే వేగానికి బండిని తీసుకెళ్లి, అదే వేగం ఉంచుతూ ఒక గేరు మార్చి చూడాలి. గేరు మారితే ఇంజన్ వేగం మారుతుంది, చక్రాల వేగం మారదు. దాంతో వణుకు తీరు కూడా మారితే ఇంజన్, క్లచ్ వైపు చూడాలి. మారకపోతే గేర్‌బాక్స్ వెనక నుంచి టైర్ల దాకా ఉన్న భాగాల్లో వెతకాలి. నిలబెట్టిన బండిలో యాక్సిలేటర్ తొక్కినా అదురు వస్తుంటే చక్రాలకు సంబంధమే లేదు. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డ్రమ్ము గుండ్రం తప్పిందని మొదట అనుమానించాలి. కొందరు న్యూట్రల్‌లో వదిలేసి చూస్తారు. లోడు బండిలో, దిగుడు రోడ్డులో అది ప్రాణాల మీదికి తెచ్చే పని. గేరు మార్చి చూసినా దాదాపు అదే సమాచారం వస్తుంది కాబట్టి ఆ సాహసం అక్కర్లేదు.

ఏ వేగంలో మొదలవుతోందన్నది కూడా గమనించాలి. పదిహేను, ఇరవై వేగంలోనే బండి కుంటుతున్నట్టు పైకీ కిందికీ ఊగితే అది బ్యాలెన్స్ లోపం కాదు, అంత తక్కువ వేగంలో బ్యాలెన్స్ తేడాకు బండిని కదిపేంత బలం రాదు. రిమ్ము వంగి ఉండాలి, లేదా టైరే గుండ్రం తప్పి ఉండాలి. యాభై ఐదు దగ్గర వచ్చి డెబ్బై దగ్గర తగ్గిపోయే వణుకైతే, చక్రం తిరిగే లెక్క యాక్సిల్, కమాన్ల సహజమైన ఊపుతో ఆ వేగంలో కలుస్తోందని అర్థం. వేగంతో పాటు ఆగకుండా పెరుగుతూ పోతే బ్యాలెన్స్ వైపు చూడవచ్చు.

పొద్దున బండి తీసిన కాసేపు వణికి, కొన్ని కిలోమీటర్లు వెళ్లాక తగ్గిపోయే రకం ఒకటుంది. ఇది ఎక్కువగా నైలాన్ దారాల పొరలున్న టైర్లలో కనిపిస్తుంది. వేడెక్కిన టైరుతో లోడు బండిని ఆపితే, నేలకు ఆనిన చోట నైలాన్ దారం ఆ చదును ఆకారంలోనే చల్లారుతుంది. మళ్లీ వేడెక్కాక సర్దుకుంటుంది. దీనికి ఖర్చు పెట్టాల్సిన అవసరం లేదు. 2000 దశకం చివరి దాకా మన లారీల్లో నైలాన్ టైర్లదే రాజ్యం కాబట్టి పాత డ్రైవర్లకు ఇది బాగా తెలుసు. ఉక్కు తీగల రేడియల్ టైర్లతో మొదలైనవాళ్లే కంగారు పడతారు.

బ్యాలెన్స్, గుండ్రం, అలైన్‌మెంట్ వేర్వేరు

ఈ మూడింటినీ ఒకటిగా చూడడం వల్లే ఎక్కువ డబ్బు వృథా అవుతోంది.

బ్యాలెన్స్ అంటే చక్రం బరువు చుట్టూ సమానంగా ఉండడం. ఇరుసు నుంచి అర మీటరు దూరంలో ఒకచోట 200 గ్రాములు ఎక్కువగా ఉందనుకుందాం. 40 వేగంలో అది చక్రాన్ని దాదాపు ఐదు కిలోల బలంతో లాగుతుంది. 60 వేగంలో పదకొండు కిలోలు, 80 వేగంలో పంతొమ్మిది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. 20 వేగంలో మాత్రం కిలోకు కాస్త పైనే.

గుండ్రం తప్పడం వేరే జాతి లోపం. పూర్తి గాలితో ఉన్న లారీ రేడియల్ టైరును ఒక్క మిల్లీమీటరు నొక్కాలంటే సుమారు 70 నుంచి 100 కిలోల బరువు కావాలి. అంటే టైరు ఒకచోట రెండు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటే, ప్రతి చుట్టుకూ యాక్సిల్ మీద పడే బరువు 140 నుంచి 200 కిలోల దాకా పెరిగి తగ్గుతుంది. 60 వేగంలో 200 గ్రాముల తేడా చూపే బలం దీని ముందు చాలా చిన్నది. రిమ్ముకు సీసం ముక్కలు కొట్టి దీన్ని సరిచేయడం కుదరదు. బ్యాలెన్సింగ్ మెషీన్ చక్రాన్ని గాలిలో తిప్పుతుంది, రోడ్డు మీద ఆనించి కాదు. మెషీన్ మీద సున్నా చూపించిన చక్రం రోడ్డు మీద ఊగిపోవడంలో వింత లేదు.

గుండ్రం చూడడానికి ఖరీదైన పనిముట్లు అవసరం లేదు. చక్రాన్ని జాకీ మీద లేపి, యాక్సిల్ కింద గట్టి స్టాండు పెట్టి, రోడ్డుకు ఆనే టైరు పైభాగానికి (ట్రెడ్డుకు) వేలెడు దూరంలో కదలకుండా ఒక ఇనప కడ్డీ నిలబెట్టి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పాలి. మధ్య సందు ఎక్కడ తగ్గి ఎక్కడ పెరుగుతోందో కంటికే తెలుస్తుంది. తర్వాత అదే కడ్డీని రిమ్ము అంచు దగ్గర పెట్టి మళ్లీ తిప్పాలి. రిమ్ము కూడా ఊగితే అది వంగి ఉండాలి, లేదా హబ్ మీద సరిగా కూర్చోలేదు. రిమ్ము స్థిరంగా ఉండి ట్రెడ్డు మాత్రమే ఊగితే లోపం టైరులో ఉంది, లేదా టైరు రిమ్ము మీద కూర్చున్న తీరులో ఉంది.

ఈ చివరిది పాత లారీల్లో చాలా మామూలు. ట్యూబు, దాని కింద ఫ్లాపు అనే రబ్బరు పట్టీ, టైరును రిమ్ము మీద నిలిపే లాక్ రింగు ఉన్న చక్రంలో తుప్పు గానీ పాత రబ్బరు ముక్కలు గానీ ఉంటే టైరు ఒకవైపు పైకి, ఒకవైపు లోపలికి కూర్చుంటుంది. టైరు పక్కగోడ కింద, రిమ్ముకు ఆనుకుని చుట్టూ ఒక సన్నని గీత పోసి ఉంటుంది. రిమ్ము అంచుకూ ఆ గీతకూ మధ్య దూరం చుట్టూ ఒకేలా ఉండాలి. ఒకచోట గీత కనపడి మరోచోట మునిగిపోతే, గాలి పూర్తిగా తీసి మళ్లీ కూర్చోబెట్టాలి. చాలాసార్లు వైద్యం అంతటితో అయిపోతుంది. హబ్, చక్రం డిస్కు కలిసే చోట పెయింటు పొరలు, మట్టి ఉన్నా ఇదే ఫలితం. నట్లను వరసగా చుట్టూ బిగించుకుంటూ పోతే చక్రం ఒకవైపుకు జరిగి బిగుసుకుంటుంది. ఎదురెదురు నట్లను కొద్దికొద్దిగా బిగించాలన్నది అందరికీ తెలిసిన పద్ధతే. ఎయిర్ గన్ వచ్చాక హడావిడిలో దాన్ని వదిలేస్తున్నారు.

ఇక అలైన్‌మెంట్. చక్రాలు ఏ దిక్కుకు చూస్తున్నాయన్నది దీని సంగతి. అది తప్పితే నేరుగా వణుకు రాదు, టైరు అరుగుతుంది. ముందు చక్రాల టో (వాటి ముందు అంచుల మధ్య దూరానికీ వెనక అంచుల మధ్య దూరానికీ తేడా) మొత్తం మీద 3 మిల్లీమీటర్లు తప్పితే ఒక్కో టైరు కిలోమీటరుకు దాదాపు మీటరున్నర పక్కకు ఈడ్చుకుపోతుంది. విజయవాడ నుంచి హైదరాబాద్ చేరేసరికి ఆ టైరు సుమారు 400 మీటర్లు అడ్డంగా రోడ్డు మీద రుద్దుకుని ఉంటుంది. ఆ అరుగుదల ఎగుడుదిగుడుగా మారాక అప్పుడు వణుకు మొదలవుతుంది. కాబట్టి అలైన్‌మెంట్ చేయించడం ముందుముందు వచ్చే వణుకును ఆపుతుంది, ఇప్పటికే పాడైన టైరు వణుకును ఆపదు. ఇంకో మాట గట్టిగా చెప్పుకోవాలి. కింగ్ పిన్, టై రాడ్ ఎండ్‌లు వదులుగా ఉన్న బండికి అలైన్‌మెంట్ చేయించడం దండగ. నిలబెట్టిన బండిలో తీసిన కొలత, కదిలే బండిలో నిలవదు.

పాత టైరు చెప్పే సంగతులు

విప్పిన టైరును వెంటనే మూలన పడేయకుండా పది నిమిషాలు చూడాలి. బండిలో ఏ భాగం తప్పు చేస్తోందో దాని మీద చాలావరకు కనిపిస్తుంది.

రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువతో నడిచింది. మధ్య అరిగి అంచులు మిగిలితే గాలి ఎక్కువ, లేదా ఆ గాలికి తగ్గ లోడు లేదు. ఇవి అందరికీ తెలిసినవే. ఆసక్తికరమైన సంగతులు ఒకవైపు అరుగుదలలో ఉన్నాయి. ముందు టైర్లు రెండింటికీ బయటి అంచే అరిగితే టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరగడం) ఎక్కువైంది. రెండింటికీ లోపలి అంచే అరిగితే టో-అవుట్ (బయటికి తిరగడం). అరచేతిని ట్రెడ్డు మీద అడ్డంగా ఒకవైపు నుంచి మరోవైపుకు జరిపితే నున్నగా, తిరిగి వెనక్కి జరిపితే రంపపు పళ్లలా గరుకుగా తగలడం కూడా టో లోపానికి గుర్తు. తీగలు బయటపడ్డ టైరు చేతిని కోసేస్తుంది, తొడుగు లేకుండా తడమకూడదు.

ఒక్క టైరే అరిగి రెండోది బాగుంటే టో కంటే ఆ వైపు కింగ్ పిన్, బేరింగ్, వంగిన యాక్సిల్ మీద అనుమానం ఎక్కువ ఉండాలి. రెండు ముందు టైర్లూ ఎడమ అంచునే, లేదా రెండూ కుడి అంచునే అరిగితే కారణం ముందు యాక్సిల్‌లో ఉండకపోవచ్చు. వెనక యాక్సిల్ అడ్డం తిరిగి ఉంటే బండి ఒక పక్కకు తోసుకుపోతుంది. దాన్ని తిన్నగా ఉంచడానికి డ్రైవరు స్టీరింగ్‌ను ఎప్పుడూ కొంచెం తిప్పి పట్టుకుంటాడు. దాని భారం ముందు టైర్ల మీద పడుతుంది. కమాన్ పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగినా, కమాన్‌ను యాక్సిల్‌కు బిగించే యు బోల్టులు వదులైనా వెనక యాక్సిల్ ఇలా జరుగుతుంది. సరిచూసుకోవడానికి టేపు చాలు. ముందు హబ్ మధ్య నుంచి వెనక హబ్ మధ్యకు రెండు పక్కలా కొలిస్తే దూరం సమానంగా రావాలి. ముందు టైర్లు మూడు జతలు మార్చాక ఈ కొలత తీసేకంటే, మొదటి రోజే తీయడం నయం.

ట్రెడ్డు చుట్టూ అక్కడక్కడా గుంటలు పడితే చక్రం నేల మీద ఎగిరెగిరి పడుతోందని అర్థం. షాక్ అబ్జార్బర్ నూనె కారిపోయిందా, హబ్ బేరింగ్ వదులైందా చూడాలి. ఒకే ఒక్కచోట చదునుగా అరిగితే బ్రేకు పట్టేసి ఈడ్చిన గుర్తు. ఒకచోట ఉబ్బి, ఆ ఉబ్బు మీదే ఎక్కువ అరిగితే పొరలు విడిపోతున్నాయి. ఇది మిగతావాటిలాంటిది కాదు, దీని గురించి కింద విడిగా ఉంది.

లోపలి టైరు

వెనక జత టైర్లలో లోపలిదాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. దాని వాల్వు అందదు, అందినా మసి, మట్టి. డ్రైవర్లు, క్లీనర్లు రాడ్డుతో కొట్టి శబ్దం వింటారు. పూర్తిగా గాలిపోయిన టైరు ఆ శబ్దానికి దొరుకుతుంది. గాలి ఒత్తిడి 110 పీఎస్‌ఐ ఉండాల్సిన చోట 80 ఉన్న టైరు దొరకదు. గేజీ పెట్టి చూడడం తప్ప మార్గం లేదు. లోపలి వాల్వుకు పొడిగింపు గొట్టం బిగిస్తే ఆ పని సులువవుతుంది.

జతలో ఒకదానికి గాలి తగ్గితే దాని లోడులో కొంత రెండోదాని మీద పడుతుంది. పైగా రెండూ ఒకే హబ్‌కు బిగించి ఉంటాయి కాబట్టి ఒకే లెక్కన తిరగాలి. ఒకటి వ్యాసంలో 10 మిల్లీమీటర్లు చిన్నదైతే దాని చుట్టుకొలత 31 మిల్లీమీటర్లు తక్కువ. కిలోమీటరుకు 310 చుట్ల లెక్కన దాదాపు పది మీటర్ల తేడా వస్తుంది. ఆ పది మీటర్లూ రెండింటిలో ఒక టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోవాల్సిందే. కొత్త టైరు పక్కన సగం అరిగిన టైరు బిగించే అలవాటు ఎందుకు నష్టమో ఈ లెక్క చెబుతుంది. పెద్ద లారీ టైర్లలో జత మధ్య వ్యాసం తేడా 12 మిల్లీమీటర్లు మించకూడదన్నది టైర్ల పరిశ్రమలో వాడుకలో ఉన్న హద్దు. ఒకే యాక్సిల్ మీద నైలాన్, రేడియల్ కలపడం అసలే కూడదు, లోడుకు రెండూ వంగే తీరే వేరు.

రీట్రేడింగ్ టైర్ల మీద అపోహలు ఎక్కువ. పాత టైరు ఒళ్లు (కేసింగ్) గట్టిగా ఉండి, పైపొరను సమానంగా గీకి, కొత్త రబ్బరు వేస్తే ఆ టైరు వెనక యాక్సిల్ మీద చక్కగా పనిచేస్తుంది. గీకేటప్పుడు టైరు మధ్యకు కూర్చోకపోతే కొత్త రబ్బరు ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా పడుతుంది, గుండ్రం పుట్టుకలోనే తప్పుతుంది. షాపు నుంచి తెచ్చిన రోజే కడ్డీ పెట్టి తిప్పి చూడాలి. స్టీరింగ్‌తో తిరిగే ముందు చక్రాలకు మాత్రం రీట్రేడ్ టైరు వేయకపోవడమే మంచిది.

ఇంకో చిన్న సంగతి. జత టైర్ల మధ్య ఇరుక్కున్న రాయి కూడా వణుకు తెస్తుంది, పక్కగోడలనూ కోసేస్తుంది. క్వారీలు, ఇసుక రేవుల దారిలో తిరిగే బండ్లలో మొదట చూడాల్సింది ఇదే.

టైర్లు బాగున్నా తగ్గని వణుకు

గుంతలో పడగానే స్టీరింగ్ పిచ్చిగా ఊగిపోయి, దాదాపు ఆపేదాకా తగ్గకపోతే దాన్ని మెకానిక్‌లు వాబ్లింగ్ అంటారు. మూలం ఎక్కువగా ముందు యాక్సిల్ వదులులోనే ఉంటుంది. పరీక్ష పాతదే, నమ్మదగిందే. ముందు యాక్సిల్‌ను లేపి, ఒకరు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆట తెలిస్తే రెండోవారు బ్రేకు తొక్కి పట్టాలి. బ్రేకు తొక్కగానే ఆట పోతే వదులు హబ్ బేరింగ్‌లో ఉంది, ఎందుకంటే బ్రేకు డ్రమ్మునూ, హబ్‌ను మోసే స్టబ్ యాక్సిల్‌నూ ఒకటిగా పట్టేసింది. బ్రేకు తొక్కినా ఆట మిగిలితే అది కింగ్ పిన్‌ది. రెండు నిమిషాల ఈ పని చేయకుండా బేరింగులు మార్చేయడం తరచూ జరుగుతుంది. టై రాడ్ ఎండ్‌లు, స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే డ్రాగ్ లింక్ ఎండ్‌లు చూడడానికి బండిని నేల మీదే ఉంచి, ఒకరు స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ కదుపుతుంటే ఇంకొకరు కింద నుంచి ఏ జాయింట్ ఆలస్యంగా కదులుతోందో గమనించాలి.

కమాన్ల సంగతి మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చీమకుర్తి, కరీంనగర్ వైపు గ్రానైట్ మోసే బండ్లకూ, ఇసుక, బొగ్గు బండ్లకూ ఓవర్‌లోడ్ కోసం అదనపు పట్టీలు వేయించడం మామూలే. 2018 జూలైలో కేంద్రం నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్ పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు, జంట యాక్సిళ్ల పరిమితిని 19 నుంచి 21 టన్నులకు పెంచింది. అయినా దాన్ని మించి ఎక్కించే బండ్లు ఉంటూనే ఉన్నాయి. అదనపు పట్టీ వేస్తే కమాన్ ఎత్తు పెరుగుతుంది, దాంతో హౌసింగ్ వంపు మారుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు పనిచేయాల్సిన కోణం మారిపోతుంది. ఖాళీగా వెళ్తున్నప్పుడే అదిరి, లోడు ఎక్కితే తగ్గే బండ్లలో ఇది చాలాసార్లు బయటపడుతుంది. ముందు కమాన్ల కింద పెట్టే ఏటవాలు ముక్కను తిరగేసి బిగిస్తే కింగ్ పిన్ వెనక్కి వాలి ఉండే కాస్టర్ కోణం పోయి, స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రావడం మానేస్తుంది. అక్కడి నుంచి వాబ్లింగ్‌కు దారి దగ్గరే.

షాఫ్ట్ విప్పి బిగించిన తర్వాత మొదలైన అదురైతే ఎక్కువ వెతకక్కర్లేదు. జారే జాయింట్ దగ్గర రెండు సగాల మీద గుర్తులు ఉంటాయి. అవి ఎదురెదురుగా రాకుండా బిగిస్తే రెండు చివర్ల యోకులు (జాయింటును పట్టుకునే చీలికలు) ఒకే వరసలో ఉండవు, షాఫ్ట్ ప్రతి చుట్టులో రెండుసార్లు తడబడుతుంది. బండి కదిలే క్షణంలో మాత్రమే దడదడలాడితే షాఫ్ట్‌ను మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగి ఉండవచ్చు. గేరు వేసి క్లచ్ వదలగానే టక్కుమంటే షాఫ్ట్ జాయింట్లలోని క్రాసులు గ్రీజు లేక ఎండిపోయి ఉంటాయి. క్రాసులకు గ్రీజు కొట్టించడం లారీ ఖర్చుల్లో అతి చిన్నది, దాన్ని ఎగ్గొడితే షాఫ్టే తెగి కింద పడవచ్చు.

వెంటనే బండి ఆపాల్సిన సూచనలు

పైన చెప్పినవాటిలో చాలావరకు తీరిక చూసుకుని సరిచేసుకోవచ్చు. మూడు మాత్రం అలాంటివి కావు.

మొదటిది టైరు పొరలు విడిపోవడం. నిన్న లేని దబదబ శబ్దం, ఊపు ఇవాళ మొదలై గంట గంటకూ పెరుగుతుంటే ఆ బండిని గమ్యం దాకా తీసుకెళ్లాలనుకోకూడదు. టైరు చుట్టూ చూస్తే ట్రెడ్డు గీత ఒకచోట వంకర తిరిగి గానీ, పైకి ఉబ్బి గానీ కనిపిస్తుంది. ముందు టైరు అయితే పేలిన క్షణంలో స్టీరింగ్ చేతిలో ఉండదు. రామగుండం, కొత్తగూడెం, రెంటచింతల వైపు వేసవి ఎండల్లో రోడ్డు వేడి, ఓవర్‌లోడ్, తక్కువ గాలి కలిస్తే ఈ విడిపోవడం తొందరగా జరుగుతుంది. తక్కువ గాలితో పక్కగోడ ఎక్కువ వంగుతుంది, వంగిన కొద్దీ వేడి పుడుతుంది, వేడికి పొరల మధ్య అతుకు వదులుతుంది. నడిచి వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తోందని కొంత వదిలేసే అలవాటు దీన్ని ఇంకా తొందర చేస్తుంది. గాలి కొలవాల్సింది చల్లారిన టైరులోనే.

రెండోది వీల్ నట్లు. నట్టు చుట్టూ తుప్పు చారలు గానీ, మెరిసే లోహపు గీతలు గానీ కనిపిస్తే చక్రం కదులుతోంది. మళ్లీ బిగించి వదిలేయడం చాలదు. బోల్టు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగితే ఆ డిస్కు పనికిరాదు.

మూడోది రోడ్డు మీద కాదు, పంక్చర్ షాపులో జరిగేది. ఉండాల్సిన గాలిలో 80 శాతం కంటే తక్కువతో నడిచిన టైరును గాలి లేకుండా నడిచినట్టే చూడాలన్నది టైరు పనిలో భద్రతా నియమం. 110 పీఎస్‌ఐ టైరుకు ఆ హద్దు 88. దానికంటే తక్కువతో నడిచిన రేడియల్ టైరు పక్కగోడలో ఉక్కు తీగలు లోపలే తెగి ఉండవచ్చు. విప్పి లోపల చూడకుండా గాలి కొడితే షాపులోనే పేలవచ్చు. లాక్ రింగు చక్రంలో రింగు సరిగా కూర్చోకపోతే అది ఎగిరి మనిషిని చంపేస్తుంది. ఇనప బోనులో పెట్టి, పొడవాటి గొట్టంతో, పక్కకు నిలబడి గాలి కొట్టాలి. బోను లేని షాపుల్లో చక్రానికి బలమైన గొలుసు చుట్టి, రింగు వైపు నేలకు ఉండేలా పడుకోబెడతారు. అది బోనుకు సాటి రాదు, కానీ రింగుకు ఎదురుగా కూర్చుని సుత్తితో కొట్టడం కంటే వెయ్యి రెట్లు నయం. ఈ పని చేసే కుర్రాళ్లు చాలామంది చిన్న వయసువాళ్లు. బండి ఓనరు అడిగితేనే షాపులు ఈ జాగ్రత్త తీసుకుంటాయి.

వయసు, ఫిట్‌నెస్

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వ రూలు ప్రకారం లారీ టైరు ట్రెడ్డు లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. ట్రెడ్డు గాడిలో ఉండే చిన్న దిమ్మలు ఆ హద్దును చూపిస్తాయి. రవాణా వాహనాలకు మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ తీసుకోవాలి. అయితే లోతు ఉన్నంత మాత్రాన టైరు మంచిదని కాదు. పక్కగోడ మీద గుండ్రటి గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. స్టెప్నీగా ఏళ్ల తరబడి ఎండకు ఎండిన టైరు లోతు నిండుగా ఉన్నా రబ్బరు పగుళ్లు తీసి ఉంటుంది, దాన్ని ముందు చక్రానికి వేయడం ప్రమాదం. పైగా నిలబెట్టి చేసే తనిఖీలో అరవై వేగంలో వచ్చే వణుకు బయటపడదు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉందని ఊరుకుంటే లాభం లేదు.

పని పూర్తయ్యాక ఒక జాగ్రత్త మిగులుతుంది. విప్పి బిగించిన చక్రాల నట్లను 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచీతో మళ్లీ సరిచూడాలి. పెయింటు, తుప్పు పొరలు ఆ దూరంలో నలిగి బిగింపు కొంత సడలుతుంది. ట్రయల్ కూడా వణుకు మొదట ఏ వేగంలో, ఏ లోడుతో వచ్చిందో అదే వేగంలో, అదే లోడుతో చూడాలి. షెడ్డు బయట ఖాళీ బండిని ఒక రౌండు తిప్పితే తెలిసేది తక్కువ.